సముద్రానికి వీపు తిప్పిన ఇళ్ళు

ఇరవై నాలుగు ఇళ్ళను ఒక్క పూటలో పడమర నుంచి తూర్పుకు తిప్పిన వడ్రంగి ఎవడన్నా ఉన్నాడా అంటే, ఉన్నాడు, నేనే. పునాది కదపలేదు, పైకప్పు దించలేదు. ఒక ఉలి, ఒక రంపం, ఒక గడ్డపార. పొద్దున సముద్రానికి వీపు తిప్పి కూర్చున్న ఇళ్ళు సాయంత్రానికల్లా దాని ముఖం చూస్తూ కూర్చున్నాయి. ఆ పని చూసి పెద్ద ఇంజనీరు తెరిచిన నోరు మూయలేదు. నలభై ఏళ్ళుగా ఈ మాట చెబుతూనే ఉన్నాను. విన్నవాళ్ళలో ఎవరూ ఎదురు అడగలేదు. ఎందుకంటే విన్నవాళ్ళలో ఎవరూ ఆ రోజు అక్కడ లేరు.

పోయిన ఎండాకాలం కావలిలో మా వీధి కుర్రవాడొకడు కొత్త ఇల్లు కట్టి, చూడమని నన్ను పిలిచాడు. పడమటి గోడ నిండా అద్దం. మధ్యాహ్నం రెండింటికి ఆ గదిలో నిలబడితే నా చొక్కా వీపుకు అతుక్కుంది. "తాతా, ఏసీ ఆపకుండా తిరుగుతానే ఉండాది, గది మాత్రం చల్లబళ్ళేదు. కిటికీలు పీకి వేరేవి పెట్టాలంటున్నారు, ఏమంటావు?" అన్నాడు. మొదట నవ్వాను. ఇంటికొచ్చాక ఒళ్ళు మండింది. యాభై ఏళ్ళ కిందట చదువుకున్నవాళ్ళు చేసిన తప్పునే ఇప్పుడు ఇంకా ఎక్కువ చదువుకున్నవాళ్ళు, ఇంకా ఖరీదైన సామానుతో చేస్తున్నారు. అప్పుడది రేకు, ఇప్పుడిది అద్దం. అంతే తేడా. అందుకే ఇది రాస్తున్నాను. ఇరవై నాలుగు అన్నాను గదా, ఆ లెక్క దగ్గరికి తర్వాత వస్తాను.

అరవైల మొదట్లో నేను సర్కారు ఇళ్ళు కట్టే మరామత్తు ఆఫీసులో వడ్రంగిని. కావలికి తూర్పున, సముద్రపు ఒడ్డున ఒక బెస్తపల్లె ఉండేది. ఒక కార్తీకంలో గాలివాన వచ్చి గుడిసెలన్నిటినీ ఎత్తుకుపోయింది. సర్కారు దయతలచి ఇరవై నాలుగు పక్కా ఇళ్ళు కట్టించింది. ఇక్కడివరకూ అంతా బాగానే ఉంది.

మా ఆఫీసులో ఒక ఆచారం. డ్రాయింగు కాగితంలో రోడ్డు ఎప్పుడూ అడుగునే ఉంటుంది. కాగితం పట్టుకుని రోడ్డు మీద నిలబడి, దాని అడుగు అంచు పొట్టకు ఆనించుకోవాలి. ఎదురుగా కనిపించేది ఇల్లు. ఉత్తరం ఎటు, దక్షిణం ఎటు అని చూసే అలవాటు లేదు. మాకున్న దిక్కు ఒకటే, రోడ్డు. ఆ పల్లెకు వచ్చిన డ్రాయింగు ఎక్కడో మెట్ట ఊరికోసం గీసింది. అక్కడ రోడ్డు తూర్పున ఉంది, కాబట్టి తలుపూ రెండు కిటికీలూ తూర్పున పడ్డాయి. ఈ పల్లెలో సముద్రం తూర్పున, రోడ్డు పడమరన. కాగితాన్ని పొట్టకు ఆనించారు, ఇల్లు మొత్తం తిరిగిపోయింది. తలుపు పడమర, కిటికీలు పడమర. సముద్రం వైపు చీమ దూరే సందు కూడా లేని మొండిగోడ. పైగా తలుపులూ కిటికీ రెక్కలూ ఇనుప రేకువి, ఆకుపచ్చ రంగు వేసినవి. చెక్కకు చెదలు పడతాయట, రేకుకు పట్టవట. రేకును ఉప్పుగాలి తినేస్తుందని ఫైల్లో ఎవరూ రాయలేదు.

మన తీరంలో ఎండాకాలం ఎలా ఉంటుందో తెలియని పిల్లలకోసం చెబుతున్నాను. పొద్దున పది దాటితే పడమటి గాలి మొదలవుతుంది. అది గాలి కాదు, పొయ్యి నోరు. మధ్యాహ్నం రెండింటికి అటూ ఇటూగా సముద్రపు గాలి తిరుగుతుంది. అప్పుడు ప్రాణం లేచి వస్తుంది. పొద్దున పడమర మూసుకో, మధ్యాహ్నం తూర్పు తెరుచుకో. ఇంత చిన్న విద్య. ఆ ఇళ్ళు సరిగ్గా దీనికి తలకిందులు. పొయ్యి నోటికి తలుపు తెరిచి, చల్లగాలికి గోడ కట్టారు.

బెస్తవాళ్ళు ఏం చేశారు? ఆ ఇళ్ళలో వలలు పెట్టుకున్నారు, తెడ్లు పెట్టుకున్నారు, మేకల్ని కట్టుకున్నారు. పక్కనే తాటాకు గుడిసెలు వేసుకుని వాటిలో కాపురం ఉన్నారు. అది చూసి ఆఫీసుకు కోపం వచ్చింది. కాపురం లేని ఇళ్ళ అలాట్‌మెంటు రద్దు చేసి వేరే ఊరివాళ్ళకు ఇస్తామని నోటీసులు అంటించారు. రోహిణీ కార్తెలో పెద్ద ఇంజనీరు స్వయంగా వచ్చి ఇల్లిల్లూ చూస్తాడట. ఈలోగా రెండేళ్ళకే తుప్పు పట్టిపోయిన తలుపుల్ని మార్చమని నన్నూ ఒక తాపీ మేస్త్రినీ పంపారు. ఏం తలుపులతో మార్చాలి? మళ్ళీ అవే రేకు తలుపులతో! ఒక బండి నిండా, కొత్త ఆకుపచ్చ రంగుతో.

తాపీ మేస్త్రిది మనుబోలు పక్క. చర్చికి తప్పకుండా పోయే మనిషి. గోడకు తాపీ వేస్తూ కీర్తనలు పాడుకునేవాడు, పాట ఆపితే ఎకసెక్కాలు. బండిలోంచి మొదటి తలుపు దించుతూ, "అన్నా, దీని మింద అట్లు పోసుకోవచ్చు గదా, పెనం ఖర్చు లేకుండా" అన్నాడు.

మొదటి ఇల్లు ఒక ముసలామెది. చేపలగంప మోసి మోసి మెడ ఒక పక్కకు ఒరిగిపోయిన మనిషి. కూతురు బాలింత, ఇరవై రోజుల బిడ్డ. అల్లుడు వేటకు పోయి ఉన్నాడు. బిడ్డను గుడిసెలో చీర ఉయ్యాలలో వేసి ఉన్నారు.

ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. "ముందర ఈ తలుపులు పెట్టింది నువ్వే గదా?"

"నేను కాదవ్వా, ఎవరో వేరే ఆయన."

"ఆయనకీ ఎడమ బొటనేలికి గోరు లేదే?"

నేను చెయ్యి వెనక్కు పెట్టుకున్నాను. తాపీ మేస్త్రి కీర్తన అందుకున్నాడు.

అవును, నేనే పెట్టాను. ఇరవై నాలుగు ఇళ్ళ తలుపులూ నా చేతులతోనే బిగించాను. నాదీ సముద్రం పక్క ఊరే. గాలి ఎటునుంచి వస్తుందో నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. మొదటి చట్రం పడమటి గోడలో నిలబెట్టిన రోజే తప్పని తెలుసు. సూపర్‌వైజరుతో ఒక్క మాట అన్నా, "నువ్వు వడ్రంగివా, ఇంజనీరువా?" అంటాడని నోరు మూసుకున్నాను. అతను ఆ మాట అనే అవసరం కూడా రానివ్వలేదు. ఈ వయసులో కోపం వచ్చినప్పుడల్లా అది ముందు ఆఫీసు మీదికి పోతుంది, కాసేపటికి తిరిగి నా దగ్గరికే వస్తుంది.

"సరే, ఎవరైతే ఏంది" అంది ముసలామె. "లోపలికి పోయి కూర్చో అబ్బయ్యా. తలుపేస్తా. నువ్వు ఉండగలిగితే నేనూ ఉంటా. నా బిడ్డా ఉంటాది, దాని బిడ్డా ఉంటాది."

పన్నెండు దాటింది. లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఆ గదిలో గంటసేపు కూర్చున్నానని అందరికీ చెబుతుంటాను. పది నిమిషాలు. అది కూడా ఎక్కువే చెబుతున్నానేమో. రేకులోంచి వేడి పొగలాగా కొట్టింది. నెత్తిన సిమెంటు కప్పు, ముందు కాలిన రేకు, వెనక మొండిగోడ. మూలనున్న మేక నాలుక బయటపెట్టి నన్నే చూస్తోంది. బయటికి వద్దామని గడియ పట్టుకుంటే అరచెయ్యి చురుక్కుమంది. తలుపు బాదాను. ఆమె తీరిగ్గా తీసింది.

"చల్లగా ఉండాదా?" అంది.

కూతురు బిడ్డను ఎత్తుకుని వచ్చి చూపించింది. నోటీసు వచ్చిన రోజు భయపడి ఒక పూట ఆ ఇంట్లో పడుకోబెట్టారట. వీపంతా ఎర్రటి పొక్కులు. "ఇంట్లో పెడితే బిడ్డ దక్కదన్నా. పెట్టకపోతే ఇల్లు దక్కదంట. ఏం చేసేది, నువ్వే చెప్పు" అంది.

అది విని నేను సూపర్‌వైజరు దగ్గరికి పోయి బల్ల గుద్ది మాట్లాడాను. సరే, బల్ల లేదు. అతను సైకిలు దిగుతుంటే చేతులు కట్టుకుని అడిగాను. "సార్, ఈ తలుపుల బదులు తూర్పు గోడకు ఒక్కొక్క కిటికీ పెడితే..."

"డ్రాయింగులో ఉందా?"

"లేదు సార్."

"తుఫాను వాన ఎటునుంచి వస్తుందయ్యా? తూర్పునుంచి. అందుకే అటు పెట్టలేదు."

ఆ కారణం అప్పటికప్పుడు పుట్టిందని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. కానీ అందులో నిజం లేకపోలేదు. కార్తీకంలో తూర్పు కిటికీలోంచి వాన గదిలోకి కొడుతుంది. దానికీ మందుంది: బయటికి కిందికి వాలిన చెక్క రెక్కలు, వాటి మీద మూసుకునే చెక్క తలుపు. గాలి వస్తుంది, వాన జారిపోతుంది. మా నాన్న చేసేవాడు. ఆ మాట చెప్పేలోపల అతను సైకిలెక్కాడు. పోతూ పోతూ ఆఫీసు కనిపెట్టిన మందు చెప్పాడు. "వేడి గీడి అంటే ఏం చెయ్యాలో మాకు తెలుసు. ఆ చివరి ఇంటికి కరెంటు ఇచ్చాం. టేబుల్ ఫ్యాను తెస్తున్నా. ఇంజనీరు గారికి మోడల్ ఇల్లు చూపిస్తాం."

ఎంత తెలివో చూడండి! గోడలో ఒక కంత పెడితే ఉచితంగా వచ్చే గాలిని ఆపేసి, కరెంటుతో వేడిగాలిని తిప్పుతారట. ఇప్పుడు మా వీధిలో ఇంటింటికీ అదే మోడల్.

ఇక ఆ రోజు సంగతి. ఇంజనీరు రెండింటికి వస్తాడని కబురు. పొద్దునే ముసలామె గుడిసె వెనకనుంచి నాలుగు చెక్కలు ఈడ్చుకొచ్చి నా ముందు పడేసింది. గాలివానలో విరిగిపోయిన వాళ్ళ పడవ చెక్కలు. చేప నూనె తాగి తాగి నల్లగా, ఇనుములాగా ఉన్నాయి. కాదు, ఇనుము కంటే నయం. ఇనుము రెండేళ్ళకే పోయింది గదా.

"ఇయ్యి ఉప్పునీళ్ళలో ఇరవై ఏళ్ళు ఉండినాయి. కిటికీ చెయ్యి" అంది.

"అవ్వా, గోడ సర్కారుది."

"ఇల్లు నాదని కాయితం ఇచ్చినారే. గోడ వాళ్ళదా?"

తాపీ మేస్త్రి నావైపు చూశాడు. నేను చెక్కలవైపు చూశాను. తర్వాత గడ్డపార అందుకుని తూర్పు గోడ మీద మొదటి పోటు పొడిచాను. ఆ గోడ ఎంత గట్టిదో ఆ పోటుతోనే తెలిసింది. సున్నం తక్కువ, ఇసక ఎక్కువ. రెండు చేతుల వెడల్పు కంత కొట్టడానికి పట్టిన సమయం కంటే మేకను బయటికి తోలడానికి పట్టిన సమయం ఎక్కువ. మేస్త్రి అంచులు సరిచేశాడు. నేను చట్రం బిగించి, ఆరు రెక్కలు వాలుగా దిగ్గొట్టాను. పడమటి రేకు తలుపు మార్చలేదు. దాని ముందు తాటాకు తడిక నిలబెట్టాం, ఎండ రేకుకు తగలకుండా. ఒంటిగంటకల్లా పని అయిపోయింది.

గాలి రాలేదు.

పడమటి గాలి ఉధృతంగా ఉన్న రోజు సముద్రపు గాలి ఆలస్యం చేస్తుంది. ఆ రోజు ఇసక లేచి కొడుతోంది. ఒకటిన్నర. రెండు. పల్లెలో సగం మంది ఆ కిటికీ ముందు గుమిగూడి ఉన్నారు. లోపల నిలబడితే రెక్కల మధ్య సముద్రం కనిపిస్తోంది గానీ అటునుంచి ఊపిరంత గాలి కూడా రావడం లేదు. మేస్త్రి నా చెవిలో, "అన్నా, గాలికి నోటీసు అందలేదేమో" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. గోడ పోయింది. ఇంట్లో మనుషులు లేరు. జీపు వచ్చేసింది.

ఇంజనీరు ముందు మోడల్ ఇంటికి పోయాడు. ఫ్యాను తిరుగుతోంది. మేం గుమ్మం దగ్గర నిలబడి చూశాం. ఆయన ఫ్యాను ముందు కుర్చీలో కూర్చున్నాడు. రెండు నిమిషాలకు కుర్చీ వెనక్కు జరుపుకున్నాడు. ఇంకో నిమిషానికి ఫ్యాను ముఖం గోడవైపు తిప్పాడు. సూపర్‌వైజరు ఫ్యాను గొప్పదనం చెబుతూనే ఉన్నాడు, అతని చెమట ఆ సిమెంటు నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతూనే ఉంది. తర్వాత కరెంటు పోయింది. ఇంజనీరు లేచి, "కాపురం లేని ఇళ్ళు చూపించు" అన్నాడు.

వరసలో మొదటిది మా ఇల్లే. మేం ముందుగా పరిగెత్తాం. ముసలామె గుమ్మంలో నిలబడి, తల తిప్పి కొత్త కిటికీ రెక్కల సందులోంచి సముద్రం వైపు చూస్తోంది. ఏం చూసిందో మాకు తెలియదు. నీళ్ళ రంగు మారిందేమో, బెస్తవాళ్ళకు అవి కనిపిస్తాయి. కూతురితో, "బిడ్డను లోపల పండబెట్టు" అంది.

"అమ్మా, గాలి లేదే!"

"వస్తాది. పండబెట్టు."

కూతురు బిడ్డను లోపలికి తీసుకుపోయి, చీర ఉయ్యాల కట్టి పండబెట్టింది. జీపు ఆగింది. ఇంజనీరు తడిక పక్కకు జరిపి, వంగి లోపలికి వచ్చాడు. అదే క్షణంలో ఆ రెక్కల్లోంచి గాలి వచ్చింది అని రాస్తే మీరు నమ్మరు. అదే క్షణంలో రాలేదు. ఆయన గోడలోని కంత చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసి, "సర్కారు గోడ ఎవడు పగలగొట్టాడు?" అని అరిచేటంతసేపు పట్టింది. బిడ్డ ఉలిక్కిపడి గుక్కపట్టింది. అప్పుడు వచ్చింది. ముందు ఉప్పు వాసన. తర్వాత ఉయ్యాల చీర అంచు లేచింది. తర్వాత ఇంజనీరు చేతిలోని కాగితాలు రెపరెపలాడి ఒకటి పడమటి కిటికీలోంచి ఎగిరి రోడ్డు మీదికి పోయింది. సూపర్‌వైజరు దాని వెంట పరిగెత్తాడు.

బిడ్డ ఏడుపు ఆపింది. ఇంజనీరు టోపీ తీసి ఆ గాలికి ఎదురుగా చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి మళ్ళీ అడిగాడు, "ఎవరు కొట్టారు?"

"నేనే" అని రొమ్ము విరుచుకుని చెప్పానని మీకు చెప్పాలని ఉంది. చెప్పలేదు. తాపీ మేస్త్రి ముందుకొచ్చి, "గోడ పని నాది సార్. నేనే కొట్టినాను" అన్నాడు. ఇంజనీరు అతన్ని చూశాడు, బిడ్డను చూశాడు, సూపర్‌వైజరు తెచ్చిచ్చిన కాగితం మీద ఆ ఇంటి నంబరు ఎదురుగా "కాపురం ఉన్నది" అని రాసి సంతకం పెట్టాడు. ముసలామె ఇల్లు నిలబడింది.

మిగతా ఇళ్ళవాళ్ళకు గడువు పొడిగించారు. ఆ వారంలో ఎవరి గడ్డపార వాళ్ళు పట్టుకున్నారు. నేను చేసిన కిటికీలు అన్నీ కలిపి ఆరు. మిగిలినవాళ్ళు చాపలు కట్టుకున్నారు, పాత వలలు కట్టుకున్నారు, ఒకాయన పడవ తెడ్లు అడ్డంగా పెట్టుకున్నాడు. అదీ నా ఇరవై నాలుగు ఇళ్ళ లెక్క. ఒక్క పూటలో అన్నది మాత్రం నిజం, ఒక ఇంటికి.

తర్వాత ఆఫీసునుంచి మెమో వచ్చింది. ఎవరికి? డ్రాయింగును కడుపుకు ఆనించుకుని ఇళ్ళు తిప్పేసిన వాళ్ళకా? సముద్రపు ఒడ్డున ఇనుప రేకు పెట్టించిన వాళ్ళకా? ఇసకతో గోడ కట్టిన కంట్రాక్టరుకా? తాపీ మేస్త్రికి వచ్చింది, సర్కారు ఆస్తికి నష్టం కలిగించినందుకు. గోడకు కంత కొట్టడం నేరమైంది. మనుషులు ఉడికిపోయే గోడ కట్టడం మాత్రం ఉద్యోగం. అతన్ని నాయుడుపేట వైపు మార్చారు. పోయే రోజు నాతో, "నువ్వు పొడిచిన పోటుకు నేను పోతున్నాను అన్నా" అని నవ్వాడు. ఆ నవ్వు అప్పుడు నాకు అర్థం కాలేదు. అర్థం కానట్టు ఉన్నాను అనడం సరైన మాట.

ఇదంతా రాసి, మొన్న ఒకరికి చదివి వినిపించాను. ఆ బాలింత, ముసలామె కూతురు, ఇప్పుడు తనే ముసలామె. నెలకోసారి కావలికి ఎండుచేపలు తెచ్చి మా వసారాలో కాసేపు కూర్చుని పోతుంది. మొత్తం విన్నది. గంప కింద చుట్టకుదురు సరిచేసుకుంది.

"అన్నా, మొదటి పోటు నువ్వు పొడిచినావా?"

"మరి?"

"మా అమ్మ పొడిచింది. నువ్వు గడ్డపార రెండో కొస పట్టుకుని, వొద్దవ్వా నా ఉద్యోగం పోతాది, వొద్దవ్వా అని లాగతా ఉండినావు. ఆమె నిన్ను మేక మీదికి తోసింది. ముసిలిదానికి మెమో రాకూడదని పాపం ఆ మేస్త్రి తన మీద ఏసుకున్నాడు. నువ్వు ఆ పొద్దు తడికె ఎనకాల ఉండినావు."

నేను కాగితాలు మడిచాను. ఆమె గంప నెత్తికెత్తుకుని మెట్టు దిగింది. దిగి, వెనక్కి తిరిగింది.

"కిటికీ నువ్వు చేసిందే. ఈ పొద్దుటికీ ఒక్క రెక్క ఊడలా. అది రాసుకో. గోడ మాత్రం మా అమ్మది."